నల్లబండపల్లెకు మంజూరైన చలికాలం

ప్రిచర్డ్ దొర కడప సీమకు వచ్చింది రైతులను బాగుచేయడానికి. ఆ కాలంలో దొరలు రకరకాల పనుల మీద వచ్చేవాళ్లు. శిస్తు లెక్కలు చూడటానికి కొందరు, చిరుతపులులను కాల్చడానికి కొందరు. ఒకాయనైతే సీతాకోకచిలుకలను సూదితో గుచ్చి పెట్టెల్లో దాచుకోవడానికే వచ్చాడు. బాగుచేయడానికి వచ్చిన మొదటివాడు మాత్రం ఈయనే. అందుకని జనం కొంచెం బెదిరారు.

ఆయనది ఇంగ్లండు కాదు, దాని పక్కనే ఉన్న వేల్సు అనే కొండసీమ. ఆ ముక్క కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. రెండింటికీ తేడా ఏమిటో ఎవరికీ తెలియకపోయినా, మనిషి అంత బాధపడుతూ చెబుతున్నాడు గనుక అందరూ తల ఊపేవాళ్లు. తెలుగు ఆయన చెన్నపట్నంలో ఒక శాస్త్రిగారి దగ్గర పురాణాలు చదివి నేర్చుకున్నాడు. "ఓ కృషీవలులారా! మీ హలములు కడు హీనస్థితిలో నున్నవి. మిమ్ముద్ధరింప నేను వచ్చితిని!" అని ఆయన నల్లబండపల్లె చావడి ముందు చేతులు చాచి పలికినప్పుడు, ఊళ్లోవాళ్లు వీధినాటకం అనుకుని చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. రాజువేషం బాగా కుదిరింది గానీ ఆడవేషం ఎప్పుడొస్తుందని ఒక ముసలాయన అడిగాడు.

ప్రిచర్డ్ అనే పేరు ఊరివాళ్ల నోట రెండు రోజులు నలిగి పిచ్చిరెడ్డి అయింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు గల పెద్దమనుషులు చాలామంది ఉన్నారని తెలిసి దొర ఎంతో సంతోషించాడు.

దొర తాత వేల్సులో పేరుమోసిన రైతు. రాతితో ఇల్లు కట్టి, పొలాల చుట్టూ రాతిగోడలు పెట్టి, పశువులకు దుంపలు మేపి, బంగారు పతకం సంపాదించినవాడు. ఆ సీమలో సేద్యం ఎలా చేయాలో చెబుతూ అక్కడి సంఘంవాళ్లు అచ్చువేసిన పుస్తకం ఒకటి దొర వెంట తెచ్చుకున్నాడు. పై కచేరీ దాన్ని చూసి మెచ్చుకుని, మొహరు వేసి, నల్లబండపల్లెలో 'సేద్యోద్ధరణ కచేరీ' తెరవమంది. ఆ కచేరీకి శిరస్తాదారుగా గుండోపంతు వచ్చాడు. పుస్తకాన్ని తెలుగులోకి దించింది ఆయనే. 'ఆదర్శ కృషి నిబంధనావళి' అని పేరుపెట్టి, అక్షరం పొల్లుపోకుండా దించాడు. అక్షరం పొల్లుపోతే ఉద్యోగం పోతుందని ఆయన నమ్మకం.

మొదట కట్టింది ఇల్లు. అచ్చం దొర తాతగారి ఇల్లే. రాయికి ఆ ఊళ్లో కొదవ లేదు. గోడలు మనిషి బారెడు మందం. కిటికీలు పిల్లి దూరేంత. బండలు పరిచిన కప్పు కొండచరియలా ఏటవాలుగా ఉంది. ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు, మధ్యలో చిన్న అడ్డగోడ. మనుషుల కొసన గోడలో గుహలాంటి పొయ్యి, దానిమీద ఆకాశంలోకి పొగగొట్టం.

ఆ ఇంటికి మద్దిలేటి అనే రైతును ఆదర్శ రైతుగా ఎంపిక చేశారు. అతనిలో ఆదర్శం ఏమిటంటే, ఆ ఏడు గాలివానకు అతని మట్టిమిద్దె కూలిపోయింది, ఉండటానికి ఇల్లు లేదు. మనిషి నెమ్మదస్తుడు. నల్లరేగడి పొలం, మైలడు, పుల్లడు అని రెండు ఎద్దులు, ఓబుళమ్మ అనే భార్య, ఇవే అతని ఆస్తి. ఓబుళమ్మ నెమ్మదస్తురాలు కాదు.

గృహప్రవేశం నాడు ఆమె పొయ్యి ముందు నిలబడి లోపలికి తొంగిచూసింది.

"ఇందులో ఏం వండల్లప్పా? ఎద్దునా?"

"అది వంటకు గాదంటమే. చలి కాంచుకోను," అన్నాడు మద్దిలేటి.

"కడపలోనా?"

దొర ఆ మాటను ప్రశంసగా తీసుకుని ముందుకొచ్చాడు. "అమ్మా! హిమము కురిసినవేళ కప్పుమీద నిలువక జారిపోవుటకై కప్పు నిట్లు వాలుగా నిర్మించితిమి. శీతకాలమున నీ వృషభముల శరీరోష్ణము అడ్డుగోడ దాటి మీకు వెచ్చదన మొసగును."

ఓబుళమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమంటాడు పిచ్చిరెడ్డి?"

"ఎద్దుల యేడి మనకు తగలల్లనంట."

"ఎండాకాలం గూడానా?" అంది ఆమె. ఆ సంగతి నిబంధనావళిలో లేదు.

ఆ యేడు ఆశ్వయుజంలో మంచి వానలు పడ్డాయి. నల్లరేగడి నేల తాగినంత తాగి, పదునెక్కి, అడుగేస్తే మెత్తగా దిగింది. కార్తీకం రాగానే శనగ విత్తాలి. ఆ పదును ఆరిపోయిందంటే నేల బీటలు తీస్తుంది, ఆ ఏటికి ఇక పంట లేనట్టే. ఊరంతా విత్తే గొర్రులు సరిచేసుకుని, విత్తనం కొలుచుకుని సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే దొర తన సీమ గొర్రెలు ఓడ దిగుతున్నాయని కబురొచ్చి చెన్నపట్నం వెళ్లాడు. కచేరీ గుండోపంతు చేతిలో పడింది.

గుండోపంతు నిబంధనావళి తీసి, ఆ నెలకు ఏం రాసి ఉందో చూశాడు. 'నవంబరు మొదలు శీతకాలము. ఈ కాలమున నేల గడ్డకట్టును. దున్నరాదు, విత్తరాదు. పశువులను ఇంట కట్టి దుంపలు మేపవలెను. రయితు పొయ్యిచెంత కూర్చుండి పనిముట్లు బాగుచేసికొనుచుండవలెను.' దాని కింద నెలనెలా పైకి పంపవలసిన లెక్కల తఖ్తా. అందులో ఒక గడి: 'హిమము, ఎన్ని అంగుళములు.'

ఆయన కచేరీ వసారాలో కూర్చుని శీతకాలం కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. పొద్దున్నే కాస్త చల్లగా అనిపించేది. అది కూడా నీళ్లు పోసుకునేసరికి పోయేది. మధ్యాహ్నానికి విసనకర్ర కావలసివచ్చేది. అప్పుడు ఆయన న్యాయంగా ఆలోచించాడు. నిబంధన అయినా తప్పు కావాలి, ఎండ అయినా తప్పు కావాలి. నిబంధనకు పై కచేరీ మొహరు ఉంది. ఎండకు ఎవరి మొహరూ లేదు.

మర్నాడు ఉత్తర్వు పుట్టింది.

'ఇందుమూలముగా సమస్త రయితులకు తెలియజేయడమేమనగా: నేటినుండి నల్లబండపల్లె యందు శీతకాలము అమలులోనికి వచ్చినది. మెట్టపొలములు యావత్తు గడ్డకట్టినవిగా భావించవలెను. గడ్డకట్టిన నేలను దున్నుట అసాధ్యము గనుక, ఎవడైనను దున్నినట్లు కనబడిన యెడల వాడు సర్కారు వారికి అబద్ధము చూపినవాడుగా ఎంచి శిక్షింపబడును. రయితులందరును తగురీతిగా వణకవలెను.'

తలారి లింగన్న గొంగడి కప్పుకుని, తప్పెట కొడుతూ ఊరంతా తిరిగాడు. "చలికాలమొచ్చిండాదహో! అందరూ వణకల్లహో!" అని అరిచేసరికి చెమట గడ్డం మీదినుంచి తప్పెట మీద పడి, దెబ్బ కొట్టినప్పుడల్లా తుంపర లేచింది.

మద్దిలేటి కచేరీకి పరుగెత్తాడు. గుండోపంతు శాలువా కప్పుకుని, తలకు ఉన్నిగుడ్డ చుట్టుకుని, కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం మిరపపండులా ఉంది.

"సామీ, పదును పోతాంది. ఇంగ నెల తిరిగితే నేల బీటలిస్తాది. సెనగ యిత్తుకోల్ల."

"నేల గడ్డకట్టినది."

"గట్టలేదు సామీ. పిండి మాదిరుండాది. ఇదో చూడండి," అని మద్దిలేటి పంచెకొంగులోంచి మట్టి తీసి బల్లమీద పెట్టాడు.

గుండోపంతు దాన్ని వేలితో నొక్కి చూశాడు. మెత్తగా నలిగింది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఇది కచేరీ లోపలి వేడికి కరిగినది. పొలమున నున్నంతసేపు గడ్డయే."

"మీ నొసటిమింద చెమట కారతాంది సామీ."

"చెమట కాదు. కరిగిన మంచు."

గుండోపంతు వసారాలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు. తగ్గించగానే భాష కూడా మారింది.

"మద్దిలేటీ, నాకు తెలియదా? నేనూ ఈ ఎండలోనే పుట్టాను. కానీ పుస్తకంలో తప్పుందని పైకి రాశాననుకో, పుస్తకం బాగానే ఉంది, నీ తర్జుమాలోనే తప్పుంది అంటారు. నాకు ఐదుగురు పిల్లలు. నువ్వే చెప్పు, నిబంధనను మార్చడం తేలికా, ఎండను మార్చడం తేలికా?"

"రెండూ కష్టమే సామీ."

"ఎండ ఎదురు సమాధానం రాయదు కదా," అన్నాడు గుండోపంతు. ఆ వెంటనే శాలువా బిగించి, "ఇక పోయి వణకవచ్చును," అన్నాడు.

మర్నాటినుంచి వణుకు తనిఖీ మొదలైంది. కచేరీ డఫేదారు ఇంటింటికీ తిరిగి ఎవరు ఎంత వణుకుతున్నారో చూసేవాడు. అతని చెప్పుల చప్పుడు వినబడగానే ఊరు ఊరంతా గొంగళ్లు లాక్కుని పళ్లు కొరికేది. చప్పుడు దూరమవగానే గొంగళ్లు విసిరికొట్టి మజ్జిగ తాగేది. వయసువల్ల తల ఊగే ఒక అవ్వకు ఉత్తమ వణుకు కింద కచేరీ మెప్పు దొరికింది. ఆమె కోడలు వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. తను అత్త కంటే బాగా వణికానని ఆమె ఉద్దేశం.

అందరికంటే కష్టం ఆదర్శ రైతుది. రాతి ఇంట్లో పొయ్యి ఆరకూడదు. కిటికీలోంచి గాలి రాదు. అడ్డగోడకు అవతల మైలడు, పుల్లడు నాలుకలు చాపి రొప్పేవి. వాటికి సీమ నుంచి వచ్చిన విత్తనంతో పండించిన దుంపలు మేపాలి. అవి కచేరీవాళ్లు పెట్టిన ఆదర్శ క్షేత్రంలో ఉసిరికాయంత ఊరి, పురుగుపట్టి ఆగిపోయాయి. మైలడు ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, చాలాసేపు డఫేదారు ముఖంలోకి చూసి, అతని కాళ్ల మీద ఉమ్మేసింది. దీన్ని కచేరీలో 'వృషభ అవిధేయత' కింద రాసుకున్నారు.

"నేనింగ ఈ యింట్లో ఉండను," అంది ఓబుళమ్మ. "బియ్యం నా వొళ్లో పెట్టుకుంటే అన్నమైతాది."

"రొన్నాళ్లు ఓర్చుకోమే."

"నువ్వోర్చుకుంటావు, నేనోర్చుకుంటా. ఆ నేల ఓర్చుకుంటాదా?"

మద్దిలేటి పొద్దున పొలానికి వెళ్లి వచ్చాడు. గట్టువారన మన్ను రంగు మారుతోంది. నడిమి చేను ఇంకా నల్లగానే ఉంది గానీ, చెయ్యి పెడితే మొన్నటి చల్లదనం లేదు. గింజల మూట ఇంట్లో ఒక మూల ఉంది. అటు చూడటం మానేశాడు.

నెలాఖరు వచ్చింది. తఖ్తా పంపాలి. అన్ని గడులూ నిండాయి. వణుకు, సంతృప్తికరం. పశువులు, ఇంట నున్నవి. నేల, గడ్డ. మిగిలింది హిమం గడి ఒక్కటి. గడి ఖాళీగా ఉంచితే అలసత్వం. సున్నా వేస్తే, శీతకాలం ఉండి హిమం ఎందుకు లేదో సంజాయిషీ అడుగుతారు. గుండోపంతు అన్నం సయించక ఒక పూట మజ్జిగతో గడిపాడు. ఆ మజ్జిగ తెల్లగా ఉండటం చూసి ఆయనకు ఆలోచన తట్టింది.

ఆదర్శ క్షేత్రం గోదాములో నిరుటి పత్తి, గింజ తీసి ఏకిన దూది, మూటలుగా పడి ఉంది. డఫేదారు నిచ్చెన వేసుకుని, మూట తర్వాత మూట రాతి ఇంటి కప్పుమీద పరిచాడు. గుండోపంతు తనే నిచ్చెన ఎక్కి కొలబద్ద గుచ్చి చూసి, 'నాలుగు అంగుళములు' అని తఖ్తాలో రాశాడు. తపాలువాడు అదే రోజు దాన్ని తీసుకుపోయాడు. నెల మొదలయ్యాక ఇంత హాయిగా గుండోపంతు నిద్రపోయింది అప్పుడే.

మరునాడు మధ్యాహ్నం గాలి లేచింది. కప్పు వాలుగా ఉంది గదా, హిమం దొర చెప్పినట్టే జారింది. జారి, లేచి, ఊరంతా ఎగిరింది. కంచెల మీద, కొట్టాల మీద, ఎండబెట్టిన వడియాల మీద పడింది. ఆడవాళ్లు చేటలు తీసుకుని బయటికి ఉరికారు. పొద్దు వాలేసరికి నల్లబండపల్లెలో మంచు తునక కనబడలేదు. ఇంటింటా రాట్నం మాత్రం గిరగిర తిరుగుతోంది.

డఫేదారు ఓబుళమ్మను రాట్నంతో సహా పట్టుకుని కచేరీకి తెచ్చాడు. వెనకే ఊరు వచ్చింది. ఇది పెద్ద నేరం. సర్కారు మంచు దొంగతనం.

గుండోపంతు శాలువా సర్దుకుని కూర్చున్నాడు. "ఓబుళమ్మా! ఆదర్శ గృహము కప్పుమీది సర్కారు వారి హిమమును అపహరించి, రాట్నమున వడికితివని నీపై అభియోగము."

"మంచు నెవురన్నా వడుకుతారా సామీ?"

"ఇక్కడ ప్రశ్నలు అడుగువాడను నేను. కప్పుమీది హిమము ఏమైనది?"

ఓబుళమ్మ మొగుడి వైపు చూసింది. మద్దిలేటి ముఖంలో నెత్తురు లేదు. దండన ఏమిటో ఎవరికీ తెలియదు, మంచు దొంగలు ఆ జిల్లాలో అంతకుముందు ఎవరూ పట్టుబడలేదు. ఆమె పెద్దగా ఆలోచించి అన్న మాట కాదది. తప్పించుకోవడానికి ఏది నోటికొస్తే అది అనేసింది.

"కరిగిపాయె సామీ."

గుండోపంతు కలం ఆగింది.

"ఏమంటివి?"

"ఎండకు కరిగిపాయె. మంచుగదా, ఉంటాదా?"

గుండోపంతు రాట్నం కదురుకు ఉన్న నూలును చూశాడు. ఇది కప్పుమీదిదే అని తేలిస్తే అది దూది. దూది అయితే, నాలుగు అంగుళాల హిమమని ఆయన సంతకంతో పైకి వెళ్లిన తఖ్తా అబద్ధం. తపాలు ఇప్పటికి పెన్న దాటి ఉంటుంది. కరిగిపోయిందని ఒప్పుకుంటే... ఆయన నిబంధనావళి తిప్పాడు. పేజీ దొరికింది. చదువుతుంటే ఆయన పెదవులు కదిలాయి.

'కప్పుమీది హిమము కరిగిన దినమే వసంతారంభము. నాటినుండి రయితు కాలవిలంబము చేయక దున్ని విత్తవలెను.'

ఆయన తలెత్తాడు. "పూర్తిగా కరిగినదా?"

"సుక్క మిగల్లేదు సామీ."

"సాక్షులున్నారా?"

ఊరుకు విషయం పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఓబుళమ్మ పక్షాన మాట్లాడాలని మాత్రం అర్థమైంది. "మా కొట్టంలోకి కారింది సామీ!" "మా పొయ్యి ఆర్పేసె!" "మా ముసిలోడు జారి పడినాడు సామీ, ఆ నీళ్లల్లోనే!" అని తలా ఒక మూల నుంచి అరిచారు.

"ఇక ఈ కదురుకున్నది?"

"అది నూలు సామీ. మా పుట్టింటిది."

గుండోపంతు శాలువా తీసి పక్కన పెట్టాడు. తలగుడ్డ విప్పాడు. నెలనాళ్ల తర్వాత గాలి తగిలిన ఆయన బట్టతల మెరిసింది. లేచి నిలబడి అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పాడు.

"శీతకాలము ఇంతటితో రద్దు. వసంతము తక్షణము అమలులోనికి వచ్చినది. రయితులందరు ఈ క్షణమే దున్ని విత్తవలెను. విత్తనివాడును, గొంగడితో కనబడినవాడును శిక్షార్హులు. ఎల్లరును వసంతోచితమైన ఉత్సాహముతో నుండవలెను!"

ఉత్సాహానికి తనిఖీ అక్కరలేకపోయింది. కచేరీ ముందు నుంచి జనం పొలాలకు పరుగెత్తారు. మైలడు, పుల్లడు రాతి ఇంటి గడప దాటగానే, కాడి వేయకముందే, చేను దారి పట్టాయి. మద్దిలేటి గొర్రు పట్టాడు. ఓబుళమ్మ వెనక నడుస్తూ గొట్టంలోకి గింజలు వదిలింది. పైమన్ను ఆరింది. గొర్రు కొంచెం లోతుగా దిగేలా అతను బరువంతా వేసి తొక్కాడు. మొదటి సాలు చివర ఆగి, వంగి, వేళ్లు లోపలికి పోనిచ్చి చూశాడు. అడుగున తడి ఉంది.

"ఉండాదా?" అంది ఓబుళమ్మ.

అతను తల ఊపాడు. ఆమె గింజల సంచి సర్దుకుని, "అయితే నిలబడినావేం, తోలు," అంది.

శనగ మొలిచింది. దట్టంగా, పచ్చగా మొలిచింది.

ప్రిచర్డ్ దొర అప్పటికి తిరిగొచ్చాడు. ఓడలో వచ్చిన గొర్రెల్లో బతికి బట్టకట్టింది ఒక్కటే. దాన్ని బండిలో గొడుగు కింద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. పచ్చటి చేలు చూసి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గుండోపంతు తఖ్తా నకలు చేతికిచ్చాడు. దొర హిమం గడి దగ్గర ఆగిపోయాడు.

"ఇచ్చట... హిమము కురిసెనా?"

గుండోపంతు గొంతు సవరించుకుని, "తఖ్తాలో నున్నది," అన్నాడు. అది నిజమే.

దొర ఒక్కడే రాతి ఇంటి దగ్గరికి నడిచాడు. గోడ మీద చెయ్యి వేసి, తన ఊరి భాషలో ఏదో అనుకుంటూ చుట్టూ తిరిగాడు. చూరు బండల సందులో ఒక తెల్లటి తునక చిక్కుకుని ఉంది. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని ఎండలో నిలబడ్డాడు. అది కరగలేదు. గడప దగ్గర చేట పట్టుకుని నిలబడ్డ ఓబుళమ్మ ఊపిరి బిగబట్టింది. దొర చాలాసేపు దానికేసి చూసి, జేబులో వేసుకున్నాడు.

"మాయమ్మ నాకు లేఖ వ్రాసినది," అన్నాడు ఓబుళమ్మతో. "మా యింట నీ యేడు మంచు మిక్కుటముగా నున్నదట."

"ఈడ గూడా బాగా పడింది నాయనా," అంది ఓబుళమ్మ. ఆ మాట ఆమె దండనకు భయపడి అనలేదు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ తఖ్తా పై కచేరీకి చేరింది. అక్కడి పెద్దదొరలు కడప సీమలో నాలుగు అంగుళాల మంచు పడినట్టు చదివారు. చదివి, ఇంత చల్లని చోటు చేతిలో ఉంచుకుని మనం ఎండాకాలం దూరపు కొండలకు ఎందుకు వెళ్తున్నామని ఒకరినొకరు అడిగారు. వేసవి విడిది నల్లబండపల్లెకు మార్చాలని తీర్మానం చేసి, తీర్మానానికి మొహరు వేశారు.

వైశాఖంలో వచ్చారు. ఉన్నికోట్లు, తోలు చేతితొడుగులు, బ్రాందీ పెట్టెలు, మంచు మీద జారే చెక్కలు బండ్లలో దిగాయి. అందరికీ రాతి ఇంట్లోనే బస. మద్దిలేటి, ఓబుళమ్మ తమ పాత మిద్దె అప్పటికే మళ్లీ లేపుకున్నారు, ఎద్దులతో సహా అటు మారారు. బయట బండ మీద నీళ్లు చిమ్మితే చుయ్యిమని ఆరిపోతున్నాయి. లోపల గుండోపంతు నిబంధన ప్రకారం పొయ్యి ముట్టించాడు.

పెద్దదొర కోటు గుండీలు గొంతుదాకా పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఇక్కడ చల్లగా ఉంటుందని తీర్మానం మీద మొదటి సంతకం ఆయనది. మిగిలిన సంతకాలు మిగిలినవాళ్లవి. అందుచేత ఎవరూ నోరు మెదపలేదు.

"కొంచెం చలిగా లేదూ?" అన్నాడు పెద్దదొర చివరికి.

"చాలా," అన్నాడు పక్కాయన, కనుబొమల మీదినుంచి నీళ్లు తుడుచుకుంటూ.

"ఇంకో కట్టె వేయించండి," అన్నాడు మూడో ఆయన. తను వెనకబడకూడదని ఆయన ఉద్దేశం.

గుండోపంతు ఇంకో కట్టె వేశాడు. మూడో ఆయన కుర్చీలోంచి నిలువునా కిందపడ్డాడు. కచేరీ వైద్యుడు నాడి చూసి, పెద్దదొర ముఖం చూసి, 'చలికి బిగుసుకుపోయినారు' అని రాశాడు. ఆయన్ను బయటికి మోసుకొస్తే ఓబుళమ్మ తొట్టి నీళ్లు నెత్తిన గుమ్మరించింది. కళ్లు తెరిచి ఆయన మొదట అన్న మాట తమ భాషలో ఏదో తిట్టు. తర్వాతది, "మరికొన్ని నీళ్లు."

అలా నాలుగు రోజులు చలికి ఓర్చుకున్నాక, అర్జెంటు పనులున్నాయని దొరలందరూ చెన్నపట్నం తిరిగిపోయారు. అక్కడ కూర్చుని దీన్ని ఏం చేయాలా అని తర్జనభర్జన పడ్డారు. నల్లబండపల్లెలో చలికాలం లేదని రాస్తే తీర్మానం తప్పవుతుంది. ఉందని రాస్తే వచ్చే ఏడు మళ్లీ వెళ్లాలి. ఆఖరికి పై కచేరీ తన అనుభవంలోంచి ఒక దారి కనిపెట్టింది. పాలనా సౌకర్యం నిమిత్తం నల్లబండపల్లె శీతకాలాన్ని సముద్రతీరం వైపు ఒక తాలూకాకు బదిలీ చేసింది. దాని వెంట, దాని విషయం బాగా తెలిసినవాడు గనుక, గుండోపంతును కూడా బదిలీ చేసింది. నల్లబండపల్లెలో ఇకమీదట ఋతువులు పూర్వాచారం ప్రకారం నడుచుకోవచ్చునని ఉత్తర్వు వచ్చింది.

ప్రిచర్డ్ దొరను మాత్రం ఎవరూ కదిలించలేదు. ఆయన రాతి ఇంటిని ఓబుళమ్మకు ధాన్యపు కొట్టుగా వదిలేసి, తను ఊరి చివర వెదురు తడికెల పాకలో ఉంటూ, గొర్రెను గొడుగు కింద కట్టేసుకుని, మద్దిలేటి వెనక సాళ్లు తోలడం నేర్చుకోసాగాడు. సాలు వంకర పోయినప్పుడు "అయ్యో, హీనమాయెను!" అనేవాడు. ఎద్దులు ఆ భాషకు అలవాటుపడ్డాయి.

గుండోపంతు బయలుదేరే రోజున ఊరంతా సాగనంపడానికి వచ్చింది. ఆయన ఐదుగురు పిల్లలు, భార్య, సామాను ఒక బండిలో. శాలువాలు, కుంపటి, కొలబద్ద ఇంకో బండిలో. ఎండ మాడ్చేస్తోంది. నేల నోరు తెరిచి ఉంది. మద్దిలేటి బండి పక్కన నడుస్తూ కాసేపు తటపటాయించి, అడిగేశాడు.

"సామీ, మీరు చలినే తెప్పించినారు. పొయ్యేముందర మాకొక వాన ఉత్తర్వు గూడా రాసిచ్చి పోతిరంటే..."

గుండోపంతు బండి ఆపించాడు. చాలా గంభీరంగా, నిజంగానే విచారిస్తూ తల అడ్డంగా ఊపాడు.

"వర్షము మన కచేరీ కిందికి రాదు మద్దిలేటీ. అది వేరే శాఖ."

బండ్లు కదిలాయి. ఊరివాళ్లు దుమ్ములో కాసేపు నిలబడి, ఆ వేరే శాఖ ఎక్కడుందో, అక్కడ శిరస్తాదారు ఎవరో మాట్లాడుకుంటూ ఇళ్లకు వెళ్లారు. ఎవరికీ తెలియలేదు. ఆ ఏడు వాన ఎవరి ఉత్తర్వూ లేకుండానే, వారం ముందుగా వచ్చింది.